జేమ్స్ హాంగ్ వేసిన వేదిక

పేరు చెబితే హాలీవుడ్ నటుడు జేమ్స్ హాంగ్ ఎవరో మనలో చాలామందికి తెలియదు. ముఖం చూస్తే మాత్రం ఎక్కడో చూశామే అనిపిస్తుంది. ‘చైనాటౌన్’ (1974)లో సేవకుడు, ‘బ్లేడ్ రన్నర్’ (1982)లో చలిగదిలో కూర్చుని కృత్రిమ నేత్రాలు తయారుచేసే నిపుణుడు ఆయనే. ‘కుంగ్ ఫూ పాండా’లో పాండాను కన్నకొడుకులా పెంచిన బాతు గొంతు కూడా ఆయనదే.

ఆయన 1929లో మినియాపొలిస్‌లో చైనా వలస కుటుంబంలో పుట్టారు. చదివింది సివిల్ ఇంజనీరింగ్. లాస్ ఏంజెలెస్ కౌంటీలో రోడ్ల ఇంజనీరుగా పనిచేస్తూ, ఉన్న సెలవులన్నీ, చివరికి అనారోగ్య సెలవులు కూడా నటనకే ఖర్చుపెట్టారు. ఏడాదిన్నరకు ఉద్యోగం వదిలేశారు. ఇది చదివి మన ఇళ్లలో ఎందరు తల్లిదండ్రుల గుండె గుభేలుమంటుందో నాకు తెలుసు.

ఆ తర్వాత దొరికినవి వంటవాడు, చాకలి, గూఢచారి, దుర్మార్గుడు వంటి వేషాలు. అలాంటివి ఒప్పుకోకుండా ఉండాల్సిందని నేటి యువతరంలో కొందరంటారు. నేను ఒప్పుకోను. ‘ది గుడ్ ఎర్త్’ (1937)లో చైనా రైతు దంపతులుగా తెల్లవాళ్లే నటించారు. ఆ భార్య పాత్రకు ఆస్కార్ కూడా వచ్చింది. అలాంటి పరిశ్రమలో హాంగ్ కాదన్న వేషం రంగు పూసుకున్న మరొకరికి పోయేది, అంతే. పైగా ఆయన ఏ వేషాన్నీ చులకనగా చేయలేదు. 1991లో ‘సైన్‌ఫెల్డ్’ ధారావాహికలో ఒక భాగమంతా రెస్టారెంటులో బల్ల కోసం ఎదురుచూడటమే. “ఐదు, పది నిమిషాలు” అని మళ్లీ మళ్లీ చెప్పే ఉద్యోగి హాంగ్. ఆ మాటలో కోపం లేదు, జాలి లేదు, తొందర అసలే లేదు. ఆ నిదానం చూసేకొద్దీ ఎదురుచూసేవాళ్ల ఆకలి మనకూ తెలుస్తుంది. నాలుగు మాటల వేషంతో కథ మొత్తాన్ని నడిపించడమంటే అది.

అయినా ఆయన జీవితంలో అంతకన్నా గొప్ప పని 1965లో జరిగిందని నా అభిప్రాయం. జపనీస్ అమెరికన్ నటుడు మాకో తదితర మిత్రులతో కలిసి ఆయన లాస్ ఏంజెలెస్‌లో ‘ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్’ నాటక సంస్థను స్థాపించారు. తొలి రోజుల్లో వాళ్ల రంగస్థలం ఒక చర్చి నేలమాళిగ. ఆసియా సంతతి నటులు అక్కడ నాయకులయ్యారు, ప్రేమికులయ్యారు, రాజులయ్యారు. సినిమా ఇవ్వనిది తామే సమకూర్చుకున్నారు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది, 1998 నుంచి అదే నగరంలోని లిటిల్ టోక్యో ప్రాంతంలో ఒక థియేటరులో.

2023లో, తొంభై నాలుగేళ్ల వయసులో, ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ చిత్ర బృందంతో హాలీవుడ్ నటుల సంఘం పురస్కారాల వేదిక ఎక్కి ఆయన గుర్తుచేసుకున్నది ఆ పాత అవమానాన్నే. ఆసియా నటులు పనికిరారని, వాళ్లను చూడటానికి జనం రారని నిర్మాతలు అనేవారట. ఇప్పుడు మమ్మల్ని చూడండి అన్నారు. సభ అంతా లేచి నిలబడింది.

ఇక అమెరికాలోని మన తెలుగు సంఘం మహాసభల సంగతికి వస్తాను. ముఖ్యమైన సమయమూ, పెద్ద ఖర్చూ హైదరాబాదు నుంచి వచ్చే తారలకే. వాళ్లు రావద్దని నేననను. కానీ ఇక్కడ పుట్టి, ఇక్కడే నటన నేర్చుకుంటున్న మన పిల్లలకు మధ్యాహ్నం భోజనాల వేళ పావుగంట ఇచ్చి చేతులు దులుపుకోవడం న్యాయమా? హాలు సగం ఖాళీ, మైకు సరిగా పనిచేయదు, ముందు వరుసలో కూర్చునేది వాళ్ల అమ్మానాన్నలే.

కార్యవర్గాన్ని అడిగేది ఇదే: వచ్చే మహాసభల బడ్జెట్‌లో నాటకానికి విడిగా ఒక పద్దు చేర్చండి. పిల్లలు ఇంగ్లీషులో రాసినా, తెలుగులో రాసినా సరే, ఒక పూర్తి నిడివి నాటకానికి శనివారం సాయంత్రం గంటన్నర ఇవ్వండి. దర్శకుడికి పారితోషికం, తాలీము హాలుకు అద్దె, దీపాల ఖర్చు సంఘమే భరించాలి. టిక్కెట్లు అమ్మే బాధ్యత మాలాంటివాళ్లం తీసుకుంటాం.