నీళ్లు పెరిగితే క్రాపీ లోతుకు పోదు, గట్టుకు వస్తుంది

టెక్సాస్‌లో వసంతకాలపు వానలు మొదలవగానే, డాలస్ చుట్టుపక్కల క్రాపీ అనే మంచినీటి చేపకోసం గాలం వేసే తెలుగువాళ్ల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతుంది. “సరస్సు నిండితే క్రాపీ అడుగుకు దిగిపోతుంది. బురదనీటిలో ఎర కనిపించదు, కొరకదు. దొరికితే, చేప చేరడానికని నీటి అడుగున ముంచిపెట్టిన పాత కొమ్మల గుట్టల దగ్గరే దొరకాలి. మట్టం తగ్గడం మొదలయ్యాక వెళ్లండి. వరద వచ్చిన ఏడాది చేప కూడా తగ్గిపోతుంది” అని. ఇది నమ్మి, ఏడాది మొత్తంలో చేప బాగా దొరికే మూడు నాలుగు వారాలూ ఇంట్లోనే కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. అందుకే ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

అడుగుకు దిగిపోతుందన్న మొదటి మాటే పెద్ద తప్పు. నీటి వేడి 60 నుంచి 68 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినప్పుడు క్రాపీ గుడ్లు పెడుతుంది. ఉత్తర టెక్సాస్‌లో అది దాదాపుగా మార్చి, ఏప్రిల్ నెలల్లో. వానలూ ఆ రోజుల్లోనే వస్తాయి. నీరు పెరిగితే నిన్నటిదాకా పొడినేల మీద ఉన్న విల్లో, బటన్‌బుష్ పొదలు మునుగుతాయి. కొమ్మల మీది పురుగులు నీళ్లలో పడతాయి, వాటికోసం చిన్నచేపలు, వాటి వెనకే క్రాపీ. గుడ్లకు చాటూ అక్కడే, కాపలా కాసే మగచేపా అక్కడే. మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా వెతికితే చాలు. తొలకరికి చెరువులోకి కొత్తనీరు వస్తే చేప ఎదురెక్కి పొలాల దాకా రావడం మనలో చాలామంది చిన్నప్పుడు చూసినదే. క్రాపీ అలా ఎదురెక్కే జాతి కాదు, కానీ కొత్తగా మునిగిన నేలను అదీ వదలదు.

డాలస్ దగ్గరి లావన్ సరస్సు మామూలు మట్టం సముద్రమట్టానికి 492 అడుగుల ఎత్తు. అది ఆరేడు అడుగులు పెరిగి ఉన్న ఒక ఏప్రిల్ ఉదయం, పది అడుగుల కర్రతో ఒక పొద నడుమకు చిన్న జిగ్, అంటే సీసపు తల ఉన్న ఎర గాలం, దించాను. బెండుకూ జిగ్‌కూ మధ్య అడుగున్నర దారమే. బెండు మునగలేదు. నిటారుగా ఉన్నది మెల్లగా వాలి నీటి మీద పడుకుంది. క్రాపీ కింది నుంచి పైకి వచ్చి ఎర అందుకుంటుంది. బరువు తేలిపోగానే బెండు వాలిపోతుంది. మునిగేదాకా చూద్దామనుకుంటే చేప ఎర వదిలేస్తుంది. గట్టిగా గుంజినా పోతుంది, దాని పెదవి కాగితమంత పలచన. మణికట్టు కాస్త ఎత్తితే సరిపోతుంది. ఆ ఒక్క పొదలోనే ఏడు దొరికాయి.

బురద విషయంలో సగం నిజం ఉంది. వాగు నేరుగా వచ్చి పడేచోట నీరు చల్లగా, చిక్కగా ఉంటుంది, అక్కడ కూర్చుంటే రోజు వృథా. ప్రవాహం తగలని పాయల చివరలకో, బురద పేరుకుని తేటపడే ఆనకట్ట వైపుకో వెళ్లాలి. చేపకు కళ్లే కాదు, నీటి కదలికను పసిగట్టే పార్శ్వరేఖ కూడా ఉంది. బతికిన మిన్నో చేపపిల్లను గుచ్చండి, లేదా నలుపూ పసుపుపచ్చా కలిసిన కాస్త పెద్ద జిగ్ వేసి నిదానంగా కదపండి.

పాత కొమ్మల గుట్టల సంగతి చిన్న లెక్క. పదిహేను అడుగుల లోతున ఉన్న గుట్ట, నీరు ఆరడుగులు పెరిగితే ఇరవై ఒక్క అడుగుల కిందికి పోయినట్టు. వేసవిలో దానికి వేరే విలువ ఉంటుంది గానీ, గుడ్ల కాలంలో చేప దాన్ని వదిలేసి గట్టు వైపు వస్తుంది.

మట్టం తగ్గేటప్పుడు వెళ్లమనడం మరీ తలకిందుల సలహా. నీరు దిగడం మొదలైతే పొదల్లోని చేప వెనక్కి జరిగి, పక్కనున్న వాగు అంచు దగ్గర లోతు మొదలయ్యేచోట ఆగుతుంది. ఆనకట్ట తలుపులు ఎత్తి నీటిని వేగంగా వదిలితే కొరకడమే తగ్గిపోతుంది. నెమ్మదిగా పెరిగే నీరు, లేదా పెరిగి నిలిచిన నీరు మంచిది.

చేప తగ్గిపోతుందన్నదీ నిలవదు. ఇక్కడి దక్షిణాది జలాశయాల్లో వసంతంలో నీరు నిండుగా ఉన్న ఏళ్లలోనే తరచుగా పిల్లలు ఎక్కువ బతుకుతాయి. మునిగిన పొదలు వాటికి మేతా, చాటూ ఇస్తాయి. అయితే దండిగా దొరుకుతున్నాయని బుట్టలు నింపకండి. టెక్సాస్‌లో ఎక్కువ సరస్సులకు మనిషికి రోజుకు 25, కనీసం పది అంగుళాలు అన్నది నిబంధన.

ఒక్క విషయంలో మాత్రం ఆ సందేశం పంపినవాళ్ల భయం సరైనదే. నేను చెప్పినదంతా ఆరేడు అడుగుల దాకా పెరుగుదల గురించి. టెక్సాస్, ఓక్లహోమా సరిహద్దులోని టెక్సోమా సరస్సు 640 అడుగుల మట్టంలో ఉన్న అలుగు దాటి పొర్లిన 1957, 1990, 2007, 2015 లాంటి వరదల్లో పడవ దింపే రేవులే మునుగుతాయి, దుంగలు కొట్టుకొస్తాయి. అప్పుడు వెళ్లకూడదు. మామూలు పెరుగుదలలోనైనా పడవలో ప్రతి ఒక్కరూ తేలే జాకెట్ వేసుకోండి. చిన్న పడవ కదులుతున్నప్పుడు 13 ఏళ్లలోపు పిల్లలకు అది చట్టప్రకారం తప్పనిసరి. పొదలోకి కర్ర చాపే ముందు కొమ్మలన్నీ ఒకసారి చూసుకోండి. నీళ్లు పెరిగితే కాటన్‌మౌత్ అనే విషపు పాములూ నిప్పుచీమల గుంపులూ ఎక్కి కూర్చునేది ఆ కొమ్మల మీదే.