తేలికగా ఉందని తీసిపారేయకండి
ప్రేమకథలో మిస్టరీ కలిపిన ఈ సరదా నవల అటు మనసును తాకదు, ఇటు ఉత్కంఠ రేపదు అని దాని మీద సమీక్ష రాసిన వ్యాసకర్త తేల్చేశారు. నేను ఒప్పుకోను. 1904లో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం వెలసిన హనుమకొండ మాది. పుస్తకాల మీద వాదులాడుకోవడం మాకు అలవాటే. దొంగ ఎవరో నలభయ్యో పేజీకే తెలిసిపోయిందని మా అక్క పెదవి విరిచింది. అమ్మ దొంగ సంగతే పట్టించుకోలేదు, నాయికా నాయకుల మాటల కోసం రెండుసార్లు చదివింది. నాకు నచ్చనిది ఒక్కటే: తాళంచెవి విషయం చివరిదాకా దాచిపెట్టడం. ఆధారాలన్నీ పాఠకుడి కళ్ల ముందే పెట్టి ఏమార్చాలి, అదీ నేర్పు. కానీ వాన కురిసే రాత్రి ఒకే గొడుగు కింద నాయికా నాయకులిద్దరూ తగవులాడుకునే అధ్యాయం ఉందే, అంత హాయిగా రాయడం ఎంత కష్టమో!