సెకండ్ గేరును బతకనివ్వండి

కారు వీలైనంత త్వరగా వేగం అందుకోవాలంటే గేరు ఎప్పుడు మార్చాలి? ఈ వాదన భీమవరం టీ కొట్ల దగ్గర మొదలుకొని కాకినాడ కాలేజీ హాస్టళ్ల దాకా నడుస్తూనే ఉంది. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, ఎక్కడ గరిష్ఠంగా ఉంటే అక్కడ మార్చాలని ఒక వర్గం. ఇంజిన్ గోల పెట్టేదాకా లాగాలని రెండో వర్గం. నా మట్టుకు ఇది ఎప్పుడో తేలిపోయిన లెక్క. మామూలు పెట్రోల్ కారైతే రెడ్ లైన్ (ఇంజిన్ వేగానికి తయారీదారు గీసిన ఎర్రగీత) దాపుల దాకా ఆగాల్సిందే. టార్క్ పీక్ దగ్గర మార్చాలన్న మాట చదువుకున్నవాళ్లు చెప్పినట్టు ఉంటుంది గానీ శుద్ధ తప్పు.

ఎందుకంటే చక్రానికి అందేది ఇంజిన్ టార్క్ కాదు, గేరు నిష్పత్తితో హెచ్చవేసిన టార్క్. మన రోడ్ల మీద కుప్పలు తెప్పలుగా తిరిగే 1.2 లీటర్ల స్విఫ్ట్ పెట్రోల్‌నే తీసుకోండి. 2018 మోడల్‌కి కంపెనీ ఇచ్చిన అంకెలు: 4,200 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 113 న్యూటన్ మీటర్ల టార్క్, 6,000 దగ్గర 83 పీఎస్ పవర్. ఆ పవర్ని వెనక్కి లెక్కేస్తే 6,000 దగ్గర టార్క్ 97కి దిగింది. అంటే పీక్ దాటాక తగ్గిన మాట నిజమే. సెకండ్ గేరు నిష్పత్తి సుమారు 1.9, థర్డ్‌ది 1.28. ఇప్పుడు గుణించండి. సెకండ్‌లో 6,000 దగ్గర, టార్క్ తగ్గిపోయిందని మనం బెంగపడే చోట, 97 ఇంటూ 1.9 అంటే 184. థర్డ్‌లో ఇంజిన్ తన శాయశక్తులా 113 ఇచ్చినా, 113 ఇంటూ 1.28 అంటే 145 దాటదు. థర్డ్ గేరు ఏ ఆర్పీఎంలోనైనా చేయగలిగిన గొప్ప పని, సెకండ్ గేరు అలిసిపోయాక చేసే పనికంటే తక్కువ! మరి 4,200 దగ్గరే సెకండ్‌ని వదిలి థర్డ్‌కి వెళ్లడం ఏ లెక్కన లాభం?

సూత్రం ఒక్కటే. పై గేరులో చక్రానికి అందే టార్క్, ఇప్పుడున్న గేరులో అందుతున్నదాన్ని దాటిన క్షణాన మార్చాలి. అలా దాటే చోటే లేకపోతే రెడ్ లైన్ దగ్గర మార్చాలి. డీజిల్ సంగతి వేరు. పాత 1.3 లీటర్ల డీజిల్ స్విఫ్ట్‌కి 190 న్యూటన్ మీటర్లు 2,000 దగ్గరే వచ్చేస్తాయి, పవర్ 4,000 దగ్గర ముగిసిపోతుంది, ఆ పైన ఇంజిన్‌కి చప్పుడే మిగులుతుంది. కాబట్టి 4,000 దాటగానే మార్చేయండి. చిన్న టర్బో పెట్రోళ్లు, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నింపేవి, ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి.

ఇదంతా రేసులు ఆడే కుర్రాళ్ల గోల అనుకునేవాళ్లు రావులపాలెం నుంచి కోనసీమ లోపలికి ఒకసారి బండి తీయాలి. రెండు వరసల రోడ్డు, ఒక పక్క కాలవ, రెండో పక్క కొబ్బరిచెట్లు. ముందు అరటి గెలల లారీ 45లో పోతోంది. ఎదర వంద గజాలు ఖాళీ కనబడేలోపు ఓ ట్రాక్టరు, ఓ ఆటో, మళ్లీ ఓ రొయ్యల వ్యాను. ఇలాంటి రోడ్డు మీద చట్టం ఇచ్చిన పరిమితి 70. అంటే లారీని దాటడానికి మీ చేతిలో ఉన్న తేడా 25 కిలోమీటర్లే, ఆ 70కి ఎంత త్వరగా చేరతారన్నదే మీరు ఎదుటి వరసలో ఎంతసేపు ఉంటారో తేలుస్తుంది. మనవాళ్లు ఏం చేస్తారు? 45లో ఫోర్త్‌లో ఉన్నవాళ్లు ఫోర్త్‌లోనే ఎక్స్‌లేటర్ నొక్కి పెడతారు. ఇంజిన్ 1,700 దగ్గర మూలుగుతూ ఉంటుంది. లారీ వెనక టైరు దగ్గర మొదలైన కారు ముందు టైరు దగ్గరికి చేరేసరికి ఎదర లైట్లు కొడుతున్నారు. అప్పుడు టెన్షన్‌తో థర్డ్‌కి దించుతారు, క్లచ్ తొక్కిన ఆ అరక్షణం బండికి లాగే దిక్కే ఉండదు. అదే లారీ వెనక ఉండగానే సెకండ్‌కి దించి బయటికొస్తే చక్రాల దగ్గర లాగుడు దాదాపు రెట్టింపు. చిన్న పెట్రోల్ కారులో సెకండ్ 70 దాకా హాయిగా వెళుతుంది, మధ్యలో గేరు మార్చే పనే లేదు.

ఇంజిన్ పాడైపోతుంది, పెట్రోల్ తాగేస్తుందంటారు. చల్లటి ఇంజిన్‌ని అలా లాగితే తప్పే. ఆయిల్ వేడెక్కాక, నాలుగైదు సెకన్లపాటు, తయారీదారు గీసిన ఎర్రగీతకి ఇవతల నడిపితే ఏమీ కాదు. ఎక్స్‌లేటర్ నొక్కుతూ పొరపాటున గీత దాటబోయినా కంప్యూటరే ఇంధనం ఆపేస్తుంది. మైలేజీ కావాలన్నప్పుడు 2,000 దగ్గరే గేరు మార్చుకోండి, ఎవరొద్దన్నారు? ఓవర్‌టేక్ మధ్యలో మైలేజీ లెక్క కట్టొద్దంటున్నాను.

అసలు ఇంజిన్ చప్పుడంటే ఈ చెవుల భయం ఎక్కణ్నుంచి వచ్చింది? డ్రైవింగ్ స్కూల్లో మొదటిరోజే "ఇరవైకి సెకండ్, ముప్ఫైకి థర్డ్, నలభైకి ఫోర్త్" అని మంత్రం చెబుతారు. ఇంజిన్ కాస్త గొంతు పెంచితే "మార్చండి, మార్చండి, అరుస్తోంది" అంటారు. వాళ్లననుకుని లాభం లేదు, వాళ్ల పని లైసెన్సు ఇప్పించడం. నాకు ఒళ్లు మండేది మెకానికల్ డిగ్రీ చేతికొచ్చాక కూడా ఆ మంత్రాన్నే పట్టుకు వేలాడేవాళ్లను చూస్తే. రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవా? ప్రతి ఏడూ వేలమంది పిల్లలు టార్క్ నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు.

లాబ్‌లోకి వెళ్లి చూస్తే గుట్టు తెలుస్తుంది. చాలా కాలేజీల్లో ఉండేది ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజిన్, తాడు బ్రేకు చుట్టిన డ్రమ్ము. మన కాలవల్లోంచి చేలకి నీళ్లు తోడే ఆయిల్ ఇంజిన్‌కి అది అన్నదమ్ముడు. నీళ్లు తోడడానికి ఒకే వేగం చాలు కాబట్టి గవర్నరు (వేగాన్ని అదుపు చేసే భాగం) దాన్ని 1,500 దగ్గరే కట్టేసి ఉంచుతుంది. విద్యార్థి బరువులు మారుస్తాడు, ఇంధనం కొలుస్తాడు, పట్టిక నింపుతాడు. ఆర్పీఎం మారదు. వేగంతోపాటు టార్క్ ఎలా లేచి ఎలా పడుతుందో నాలుగేళ్లలో ఒక్కసారీ కళ్లతో చూడడు. ఆ గీత పుస్తకంలో అచ్చయి ఉంటుంది, పరీక్షలో దించేస్తాడు. అలాంటివాడు కారెక్కాక 1,500 దగ్గర హాయిగానూ 5,000 దగ్గర భయంగానూ ఉండడంలో వింతేముంది? రైతు అవసరానికి తయారైన యంత్రం మీద పాఠం చెప్పి, కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి పంపిస్తున్నాం.

దీనికి కోట్లేమీ అక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో పాత కారు ఇంజిన్ దొరుకుతుంది. దాన్ని తెచ్చి డైనమోమీటరుకు (ఇంజిన్ టార్క్ కొలిచే యంత్రానికి) బిగించి, 1,500 నుంచి 6,000 దాకా అయిదొందలకొకసారి రీడింగ్ పిల్లలచేతే రాయించండి. మొదటి ఏడాదైతే రికార్డు దించుకోడానికి సీనియర్ల దగ్గర జవాబులు కూడా ఉండవు.