సవరణ: కార్నర్‌లో ఆఫ్‌సైడ్ ఎంతవరకు వర్తించదు?

ఫుట్‌బాల్‌లో కార్నర్ కిక్ (మైదానం మూలలోని జెండా దగ్గర నుంచి కొట్టే కిక్) ఎత్తుగడల గురించి రాసిన గత పోస్టులో "కార్నర్‌కు ఆఫ్‌సైడ్ ఉండదు" అనే వాక్యం ఉంది. (ఆఫ్‌సైడ్ అంటే, సహచరుడు బంతిని తాకే క్షణంలో బంతి కన్నా, చివరి నుంచి రెండో ప్రత్యర్థి కన్నా కూడా వాళ్ల గోల్ లైన్‌కు దగ్గరగా ఉండి ఆటలో కలగజేసుకోవడం.) దాన్ని ఇలా చదువుకోండి: కార్నర్ నుంచి నేరుగా బంతి అందుకున్న ఆటగాడికి ఆఫ్‌సైడ్ ఉండదు. ఇంకో సహచరుడి కాలో తలో తగిలిందా, ఆఫ్‌సైడ్ లెక్క మళ్లీ మొదలు.

షార్ట్ కార్నర్‌లో, అంటే గోల్ ముందుకు కాకుండా పక్కనే ఉన్న సహచరుడికి ఇచ్చే కార్నర్‌లో, ఇది బాగా తెలుస్తుంది. కిక్ కొట్టినవాడు జెండా దగ్గరే ఉండిపోతాడు. పక్కన ఉన్నవాడు బంతి అందుకుని తిరిగి అతనికే ఇస్తాడు. అప్పటికి డిఫెండర్లు గోల్ లైన్ వదిలి ముందుకు వచ్చేసి ఉంటే ఆఫ్‌సైడ్‌కు లైన్ రిఫరీ జెండా లేచినట్టే. అందుకే తెలిసిన జట్లలో కొట్టినవాడు వెంటనే లోపలికి పరుగు తీస్తాడు. చూడ్డానికి ఊరికే కదిలినట్టుంటుంది గానీ, అది ఆఫ్‌సైడ్ తప్పించుకునే పరుగు.

దగ్గరి గోల్‌పోస్టు వద్ద తలతో వెనక్కి తోసే బంతికీ ఇదే వర్తిస్తుంది. దూరపు పోస్టు దగ్గర కాచుకున్నవాడు బంతికి వెనకే ఉండాలి, లేదా పోస్టును అంటిపెట్టుకున్న డిఫెండర్ అతన్ని ఆన్‌సైడ్‌లో ఉంచాలి. గోల్‌కీపర్ ముందు నిలబడేవాడి సంగతీ అంతే: సహచరుడు హెడర్ కొట్టే క్షణంలో ఆఫ్‌సైడ్ స్థానంలో ఉండి కీపర్ చూపుకు అడ్డొస్తే గోల్ రద్దవుతుంది.

2019 మే 7న బార్సిలోనాపై లివర్‌పూల్ నాలుగో గోల్ మాత్రం ఇందులోకి రాదు. లివర్‌పూల్ ఆటగాడు అలెగ్జాండర్-ఆర్నాల్డ్ చటుక్కున కొట్టిన కార్నర్ నేరుగా సహచరుడు ఒరీగికే చేరింది.