బెంఘాజీ మీద జాలి, మనామా మీద మౌనం

2011 మార్చి 19, శనివారం అమెరికా, బ్రిటన్ వదిలిన మొదటి విడతలోనే 110కి పైగా టోమహాక్ మిస్సైళ్లు లిబియా మీద పడ్డాయి. నో ఫ్లై జోన్ అన్నారు, అంటే గడాఫీ విమానాలు ఎగరకుండా ఆపడమే అని; రెండు రోజుల్లో ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. 12వ తేదీన దానికి ఊకొట్టిన అరబ్ దేశాల కూటమి అరబ్ లీగ్‌కి అప్పటి ప్రధాన కార్యదర్శి అమర్ మూసానే ఆదివారం, మేం కోరింది వేరు ఇక్కడ జరుగుతున్నది వేరు అనాల్సొచ్చింది.

లిబియాని ఏలిన గడాఫీని వెనకేసుకురావడం మా పని కాదు. సొంత జనాన్ని ఇల్లిల్లూ సందుసందూ వెతుకుతానని టీవీలో అరిచిన మనిషి అతను. తిరగబడ్డవాళ్ల చేతిలో ఉన్న బెంఘాజీ అతని చేతికి చిక్కితే ఊచకోతే, బలంతో ఆపడం తప్ప దారి లేదు అన్న వాదనలో కొంత నిజం ఉంది, కాదనం. మరి ఆ న్యాయం బహ్రెయిన్‌కి ఎందుకు లేదు?

తేదీలు చూడండి చాలు. అంతకుముందు సోమవారం, మార్చి 14న సుమారు 1,000 మంది సౌదీ సైనికులు సముద్రం మీది వంతెన దాటి బహ్రెయిన్‌లో దిగారు. బుధవారం రాజధాని మనామాలో, పెర్ల్ రౌండబౌట్ అనే కూడలిలో నిరసనగా టెంట్లేసుకుని కూర్చున్న జనాన్ని ట్యాంకులు తెచ్చి తరిమేశారు. గురువారం ఐక్యరాజ్యసమితి సెక్యూరిటీ కౌన్సిల్, జనాన్ని కాపాడ్డానికి బలం వాడొచ్చని 1973 నంబరు తీర్మానం పాస్ చేసింది, లిబియా మీద! శుక్రవారం ఆ రౌండబౌట్ మధ్యలో ముత్యాన్ని మోస్తున్న కట్టడాన్నే పడగొట్టేశారు, జనం గుమిగూడిన గుర్తు కూడా ఉండకూడదని. అంతా ఒకే వారంలో. రాజు పిలిస్తేనే సౌదీ వచ్చిందంటున్నారు, పిలిచినవాడు రాజైతే కాల్చేది జనాన్ని కాకుండా పోతుందా? అక్కడ అమెరికా ఐదో నౌకాదళం ఉంది, అసలు సంగతి అదీ.

బాంబులేసిన దేశాల నిన్నమొన్నటి లెక్క కూడా తియ్యాలి కదా. 2007 డిసెంబర్‌లో పారిస్ నడిబొడ్డున గడాఫీకి గుడారం వేయించి మర్యాదలు చేసింది అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు, ఇదే సర్కోజీ. 2011 ఫిబ్రవరి దాకా లిబియాకీ బహ్రెయిన్‌కీ కూడా, జనాన్ని చెదరగొట్టే సరుకు అమ్ముకోమని లైసెన్సులిచ్చింది బ్రిటన్. అప్పుడు లేని జాలి ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది? అమెరికా, బ్రిటన్ ఇరాక్ మీద పడి 2011 మార్చికి సరిగ్గా 8 ఏళ్లు, అక్కడ ఉన్నాయన్న ఆయుధాలు ఇప్పటికీ దొరకలేదు. ఎవరి జనం ప్రాణాలు లెక్కలోకొస్తాయో, ఎవరివి రావో వాళ్లే తేల్చే పద్ధతికి ఐక్యరాజ్యసమితి ముద్ర పడితే రేపు ఏ బలవంతుడైనా ఇదే కాగితం చూపిస్తాడు.

ఇది మనకి దూరపు గొడవ కాదు. జీతం బకాయిలు వదిలేసి ఒక్క బ్యాగుతో లిబియా నుంచి తిరిగొచ్చిన వాళ్లలో మన తెలుగువాళ్లున్నారు, బహ్రెయిన్‌లో కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు ఆ మార్చిలో రాత్రిళ్లు రూముల్లో తలుపులేసుకుని ఉన్నారు.

కౌన్సిల్‌లో ఆ తీర్మానం మీద ఇండియా ఓటింగ్‌కి దూరంగా ఉంది, చైనా, రష్యా, బ్రెజిల్, జర్మనీలతో కలిసి. అంతవరకు సరే. కానీ చేతులు దులుపుకుంటే సరిపోదు, బహ్రెయిన్ మాటెత్తి గట్టిగా ఒక్క ముక్క అనడానికి ఢిల్లీకి నోరెందుకు రాలేదు? గల్ఫ్‌లో ఆయిలుంది, మనవాళ్ల ఉద్యోగాలున్నాయి కాబట్టి ఊరుకున్నాం అంటారా? వాషింగ్టన్ ఐదో నౌకాదళం చూసుకుని ఊరుకోవడానికీ దీనికీ తేడా ఏంటో విదేశాంగ శాఖ జనానికి చెప్పాలి.