మరకల టైల్స్

(హన్మకొండ. ఆదివారం పొద్దున. వరండాల పాత పేపర్ల మీద నాలుగు తెల్ల టైల్స్. కొమురయ్య భుజం మీద తువ్వాల.)

కొమురయ్య: స్వరూపా! బాత్రూంకు తెచ్చినయ్ల మిగిలిన టైల్స్ మీద మరకలుంటె నున్నగ తుడిచిన. నీళ్లకు పోలే. శానిటైజర్ పోసి ఒక్క రుద్దు రుద్దిన, మాయం!

స్వరూప: ఏం మరకలు?

కొమురయ్య: నీలి మరకలు. నడుమల బంగారు చుక్కలు. మేస్త్రి ఏం ఒలకబోసిండో.

స్వరూప: బంగారం ఒలకబోసే మేస్త్రి దొరికితె మనింట్ల ఇంకో గది కట్టిద్దుము. అవి నేనేసిన బొమ్మలండీ! ఆల్కహాల్ ఇంక్. ఎంత ఆరినా మల్ల ఆల్కహాల్ తగిలితె కరిగిపోతది. శానిటైజర్ల ఉండేది గదే.

కొమురయ్య: బొమ్మ అని కింద రాయొద్దా?

స్వరూప: మొగడని మీ మీద రాసున్నదా? చూసి అర్థం చేసుకుంటలేనా?

కొమురయ్య: అరె, షాపాయనకు ఫొటోలు గుడ పంపిన. మరకల మాలు అంటగట్టినవ్, మార్చియ్యి అన్న. "అసొంటి డిజైన్ మా దగ్గర లేదు సార్" అని బుకాయిస్తుండు.

స్వరూప: బుకాయించుడేంది, నిజమే చెప్పిండు.

కొమురయ్య: నువ్వు ఆయన దిక్కే మాట్లాడ్తవా? బిల్లున్నది నా దగ్గర!

స్వరూప: బిల్లు జేబుల పెట్టి గ్లౌజులు తొడుగుండ్రి. చెడగొట్టినోళ్లే ఎయ్యాలె. కిటికీలు తెరువుండ్రి. ముందుగాల 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోని టైల్ తుడువాలె. వేలి జిడ్డు ఉన్నకాడ ఇంక్ నిలువదు.

కొమురయ్య: పొద్దున్నుంచి తుడుసుడే గద నేను చేసింది!

స్వరూప: ఇగ ఐసోప్రొపైల్ నాలుగు చుక్కలు. పక్కన నీలం రెండు చుక్కలు. రెండంటె రెండే! సీసా ఒంచకుండ్రి! ఎక్కువైతె జిగట పట్టి ఆరనే ఆరది.

కొమురయ్య: ఈ నారింజ రంగు ఊకె కూసున్నది...

స్వరూప: వద్దు... పోసిండ్రా! నీలంల నారింజ కలిస్తె ఏమైతది? బురదైతది.

కొమురయ్య: బురద గాదు. భద్రకాళి చెరువు.

స్వరూప: ఏ ఎండకాలంల? సరే, స్ట్రాతోని ఊదుండ్రి. పక్కకెల్లి, నిమ్మలంగ. ఊదుమన్న, ఉమ్మమనలే! తడి వడ్డకాడ మచ్చ తేలింది చూడుండ్రి.

కొమురయ్య: గాలి రాకపోతె నేనేం చేద్దు? జర ఆగు, అగర్‌బత్తి ముట్టిచ్చొస్త, వాసన కొడ్తుంది.

స్వరూప: అగ్గిపెట్టె కింద పెట్టుండ్రి! ఇది భగ్గున అంటుకునే సరుకు. దేవునికి రేపు చెప్పుకుందురు.

(అర్ధగంట. కొమురయ్య లోపలికెల్లి తలుపులకేసే వార్నిష్ డబ్బా, బ్రష్షు పట్టుకొచ్చిండు.)

స్వరూప: అదెందుకు?

కొమురయ్య: మెరుపుకు.

స్వరూప: బ్రష్షు తగిలితె ఇంక్ కరిగి దానెంబడే ఈడ్చుకపోతది. స్ప్రే వార్నిషే కొట్టాలె. అడుగు దూరంకెల్లి, పల్చగ, రెండు మూడు పొరలు. ఒక పొర ఆరినంకనే ఇంకోటి. ఎండ తగిలితె రంగు వెలుస్తది గనక చివరికి యూవీ స్ప్రే. ముసురు పట్టిన రోజు మాత్రం కొట్టొద్దు, తెల్లగ మసక పడ్తది.

కొమురయ్య: నాదెట్లనో ఖరాబైంది, తుడిచేద్దునా?

స్వరూప: దాన్ని ముట్టుకోకుండ్రి. మచ్చ పడ్డ మూల... మంచిగనే ఉన్నది. ముందు దానికే స్ప్రే కొడ్త.

కొమురయ్య: చెరువని ఒప్పుకున్నట్టేనా?

స్వరూప: ఒప్పుకోలే.

(ఫోన్ మోగింది.)

కొమురయ్య: హలో... ఆ... మంచిది. (ఫోన్ పెట్టేసి) షాపాయనే. లొల్లి వద్దని కొత్తయి నాలుగు తెల్ల టైల్స్ పంపిస్తడట! తప్పు మనదేనని చెప్పుదునా?

స్వరూప: చెప్పుండ్రి, పైసలు గుడ ఇయ్యుండ్రి. అయినా నాలుగేందండీ? డజను అననీకి నోరు రాలేదా?

కొమురయ్య: డజను పైసలు ఎవలు కడ్తరు?

స్వరూప: మరకలు తుడిచినోళ్లు.