నలభై లక్షల్లో ఎలక్షన్ చేసిన పుణ్యాత్ములు

2024లో మన అసెంబ్లీ క్యాండిడేట్‌కి ఖర్చు పరిమితి 40 లక్షలండి. నవ్వకండి, రూల్ అది. బెజవాడ పటమటలో ఓ మంచి ఫ్లాట్ కూడా రాని ఆ డబ్బుల్తో మనోళ్ళు నియోజకవర్గం మొత్తం తిరిగేసి, లెక్క చూపించేసి, పైగా మిగిలింది అని కూడా రాసిచ్చేస్తారు.

అసలు జాలి పడాల్సింది ఆ లెక్కలు రాసే కుర్రాడి మీద. కుర్చీకి ఇంత, టీకి ఇంత అని జిల్లా ఎన్నికల అధికారి రేట్ల పట్టీ ఇస్తారు కదా, అది ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు పాపం. ‘ఒరేయ్, చికెన్ బిర్యానీ అని రాస్తావేంట్రా, పులిహోర ప్యాకెట్ అని రాయి.’ ‘వాసనొస్తోంది బాబాయ్, ఎలక్షన్ వాళ్ళ వీడియో టీం ఇక్కడే ఉంది.’ ‘వీడియోలో వాసన రాదులే, రాయి.’ ‘మరి జెండాలు?’ ‘ముప్ఫై రాయి, మిగతావి గాలికి కొట్టుకొచ్చాయి.’ ఇంత జరుగుతుంటే స్టేజీ పక్కన సోఫాలో తెల్ల చొక్కా కాంట్రాక్టర్ గారు తాపీగా బాదంపాలు తాగుతుంటారు. ఆయన కూర్చున్న సోఫాకి పట్టీలో రేటుంది, ఆయనకి లేదు.

ఇక పార్టీ పెట్టే ఖర్చుకైతే పరిమితే లేదు, స్టార్ క్యాంపెయినర్ హెలికాప్టర్ ఆ ఖాతాలోకి ఎగిరిపోతుంది. ఆ ఖాతా నింపేదెవరో తెలీకుండా 2018 నుంచి ఎలక్టోరల్ బాండ్లు నడిపారు, అంటే స్టేట్ బ్యాంకులో బాండు కొని పేరు బయటపడకుండా పార్టీకిచ్చే విరాళమన్నమాట. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసి పేర్లు బయటపెట్టమంటే స్టేట్ బ్యాంకు వారు జూన్ 30 దాకా టైం అడిగారు. మన పోలింగ్ మే 13న అండి! ఓట్లేసి, లెక్కపెట్టి, ప్రమాణ స్వీకారాలు కూడా అయ్యాక తీరిగ్గా చెప్తారన్నమాట. కోర్టు కుదరదంది కాబట్టి మార్చిలో లిస్టు బయటికొచ్చింది, కొన్నవాళ్ళలో రెండో స్థానం మన హైదరాబాద్ కంపెనీదే, 966 కోట్లు. ఓ వారం టీ కొట్ల దగ్గర మాట్లాడుకున్నాం, అంతే.

కానీ పొద్దున్నే వాకింగ్‌కొచ్చే పెద్దమనుషులు తిట్టేది ఎవర్నో తెలుసా? సింగ్ నగర్‌లో రెండు వేలు తీసుకున్న పాచిపని చేసుకునే ఆవిడని. ఓటు అమ్ముకుందట, దేశం ఆవిడ వల్లే పాడైపోయిందట. సిగ్గుండాలి ఆ మాట అనడానికి! అదే ఏడాది సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి ఆ వీధులన్నీ మునిగితే మేడల మీద మంచినీళ్ళ కోసం అరిచింది అలాంటివాళ్ళేగా, అప్పుడు వాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తిన నాయకుడెవడు? కాంట్రాక్టర్ గారి ఫోన్ అయితే ఒక్క రింగుకే ఎత్తుతారు, స్నానాల గదిలో ఉన్నా ఎత్తుతారు. ఆవిడ తీసుకున్న రెండు వేలు ఐదేళ్ళకి లెక్కేస్తే రోజుకి రూపాయి పది పైసలు కూడా పడదు. అది అవినీతి అంట. ఆయనిచ్చింది విరాళం.